బోవా ఓగోయ్‌లో బీవర్లు

గురువారం పొద్దున్నే వాగు మాయమైంది.

నిన్న సాయంత్రం దాకా మోకాలి లోతున గలగలా పారిన కాలువలో ఇవాళ రాళ్లు పళ్లికిలిస్తున్నాయి. మధ్యలో చీపురుపుల్లంత ధార ఒకటి, పాకాలా మానాలా అన్నట్టు పాకుతోంది. రొవీనా గట్టు మీద నిలబడి చూస్తోంది.

ఎల్లుండి శనివారం. ఆ రోజు వందల మంది మొక్కలు నాటడానికి పారలు పట్టుకుని వస్తారు. ఎక్కడెక్కడో ఉన్న తమ షోషోనీ తెగ కుటుంబాలూ వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఎవరో పెద్దమనిషి కూడా వస్తానన్నాడు. వాళ్లందరి కళ్లముందూ ఆమె తమ్ముడు ఓరిన్ పొక్లెయిన్‌తో మట్టి అడ్డు తీసేస్తాడు, ఈ కాలువ నీళ్లు పక్కనే కొత్తగా తవ్విన వంకర వాగులోకి దూకుతాయి. అదీ ఏర్పాటు. దూకడానికి నీళ్లుంటే కదా!

నూరేళ్ల కిందట ఇక్కడి రైతులు పొలం కలిసొస్తుందని వాగును తాడు పట్టి గీసినట్టు తిన్నగా చేసేశారు. షోషోనీలు బోవా ఓగోయ్ అని పిలిచే ఈ నేల తెగ చేతికి తిరిగొచ్చాక బయటినుంచి తెచ్చిన ముళ్ల ఆలివ్ చెట్లు పీకించి, నీటి ఒడ్డున పెరిగే విల్లో మొక్కలు వేలకు వేలు నాటి, వాగుకు దాని పాత వంపులు మళ్లీ తవ్వించారు. వీటన్నిటికీ ముందు, నూట అరవై ఏళ్ల కిందటి ఒక జనవరి తెల్లవారుజామున, ఆ వంపుల్లో గుడారాలు వేసుకుని చలికాలం గడుపుతున్న షోషోనీ జనం మీద అమెరికా సైన్యం వచ్చి పడింది. ఆడవాళ్లనలేదు, పసివాళ్లనలేదు. నాలుగొందల మందికి పైగా పోయారు. పూడ్చిపెట్టిన వాళ్లు లేరు. ఈ నేలే వాళ్ల సమాధి. అందుకే ఇక్కడ పెద్ద భవనాలేవీ వద్దు, వాళ్లు కళ్లారా చూసిన వాగునూ చెట్లనూ తిరిగి తెద్దాం అనుకున్నారు తెగ పెద్దలు. ఆ పని రొవీనాకు అప్పగించారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, పట్టు పడితే విడవదు. ఇలాంటి పనికి ఇంకేం కావాలి?

ఆమె పరుగున పికప్ బండెక్కి, కాలువ వెంబడే ఎగువకు తోలింది. తెగ నేల అయిపోయేచోట ముళ్లకంచె. కంచెకు అటువైపు గ్రాంట్ పొలం. దారిలోనే నిర్ధారణ చేసుకుంది: ఇది గ్రాంట్ పనే. తూము తిప్పి నీళ్లు తన పొలానికి మళ్లించుకున్నాడు.

కంచె దగ్గరికి వెళ్లేసరికి అటునుంచి గ్రాంట్ కూడా రబ్బరు బూట్లతో టపటపా వస్తున్నాడు. ఎర్రటి మొహం ఇంకా ఎర్రబడి ఉంది.

"గ్రాంటూ! నా నీళ్లేవీ?" బండి దిగకుండానే అరిచింది రొవీనా.

"నా గడ్డి ముంచేసి నన్నే అడుగుతావా?" అతనూ అరిచాడు.

"నీ గడ్డేంటి, మునగడమేంటి?"

"నీ వంకర టింకర తవ్వకాల పుణ్యమే! మా నాన్న కాలంలో లేదు, మా తాత కాలంలో లేదు, ఇవాళ చూద్దును కదా, పొలంలో బాతులు ఈదుతున్నాయి!"

"బాతులా?"

"బాతులే! మహా సంతోషంగా ఉన్నాయి కూడా!"

"మాటలు మార్చకు. బళ్లో నా పెన్సిలు కొట్టేసినప్పుడే అనుకున్నా, వీడు పెద్దయ్యాక నీళ్లు కూడా కొట్టేస్తాడని."

"ఆ పెన్సిలు నాది!"

"దాని మీద నా పంటి గాట్లున్నాయి!"

ఇద్దరికీ ఒకేసారి ఊపిరి అయిపోయింది. కాసేపు రొప్పుతూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందుగా గ్రాంటే గొంతు తగ్గించాడు.

"ఆగు. నీ దగ్గర నీళ్లు లేవంటున్నావు."

"చుక్క లేదు."

"నా దగ్గర ఎక్కువయ్యాయి. అంటే మధ్యలో ఎవడో ఉన్నాడు."

"ఎవడు వాడు?" అని బండి దిగింది రొవీనా.

కంచె పక్కనే, తెగ నేలలోనే, విల్లోలు గుబురుగా పెరిగిన పల్లం ఒకటుంది. రెండేళ్ల కిందట నాటిన మొదటి మొక్కలవి. ఇప్పుడు తలెత్తి చూడాలి. కొమ్మలు తప్పించుకుంటూ ఇద్దరూ లోపలికి దూరారు. పది అడుగులు వేశారో లేదో రొవీనా టక్కున ఆగిపోయింది. వెనకాలే వస్తున్న గ్రాంట్ ఆమెకు గుద్దుకున్నాడు.

ఎదురుగా కట్ట. వాగుకు అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, నడుమెత్తు. పుల్లలు, బురద, రాళ్లు, వేళ్లు, అన్నీ కలిపి మేదరి బుట్ట అల్లినట్టు అల్లి ఉంది. కట్టకు వెనక అద్దంలా పరుచుకున్న నీళ్లు, వాటి మీద పొగమంచు. నీళ్లు ఒక పక్కగా పొంగి, కంచె కింద నుంచి దర్జాగా గ్రాంట్ పొలంలోకి నడిచిపోతున్నాయి. ఒడ్డున ఉన్న విల్లో మోళ్లన్నీ పెన్సిలు చెక్కినట్టు కోసుగా, తెల్లగా ఉన్నాయి.

"నా మొక్కలు!" అంది రొవీనా. "ఒక్కోదానికీ బిందెతో నీళ్లు మోసి పెంచానే!"

"ఇదిగో, నీ జెండా కూడా వాడుకున్నారు," అన్నాడు గ్రాంట్. సర్వే వాళ్లు గుర్తుకు పాతిన గులాబీరంగు జెండా కట్ట నడుమ బురదలో నిలబడి ఉంది. దాని పక్కనే, లేత మొక్కలకు తొడిగిన ప్లాస్టిక్ గొట్టం కూడా.

అప్పుడు నీళ్లలో ఒక తల లేచింది. గోధుమరంగు తల, చిన్న చెవులు, నల్లపూసల్లాంటి కళ్లు. వీళ్లను చూసింది. వెనక్కి తిరిగి పలకలాంటి తోకతో నీటి మీద ఫట్టున ఒక్కటిచ్చి మునిగిపోయింది. తుపాకీ పేలినట్టు మోగింది పల్లమంతా.

రొవీనాకు ఒళ్లు ఝల్లుమంది. అరవయ్యోపడి దగ్గర పడుతున్న మనిషి, గ్రాంట్ భుజం పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది.

"బీవరు! గ్రాంటూ, బీవరు! చూశావా? మన వాగులో బీవరు!"

"చూశాను. భుజం వదులు, ఊడొస్తుంది."

ఈ వాగుకు మ్యాపుల్లో ఉన్న పేరు యుద్ధపు వాగు. యుద్ధమట! సైన్యం వెళ్తూ వెళ్తూ తగిలించిపోయిన పేరు అది. అంతకు ముందు షోషోనీల నోట ఇది బీవర్ల వాగే, చెట్లు కొరికి నీళ్లకు కట్ట కట్టే ఈ జంతువుల వాగే. అయితే పేరే తప్ప రొవీనా పుట్టి బుద్ధెరిగాక ఇక్కడ ఒక్క బీవర్‌ను చూసిన వాళ్లు లేరు. పిలవని పేరంటానికి వచ్చినట్టు అవంతట అవే వచ్చేశాయి! వచ్చి, ఆమె నాటిన చెట్లతోనే ఇల్లు కట్టుకున్నాయి!

సంతోషం సంతోషమే, శనివారం శనివారమే. రెండు నిమిషాల్లో తేరుకుని ఆమె ఫోన్ తీసింది.

"ఓరిన్, మిషను పైకి తోలుకురా. ఒక కట్టకు గండి కొట్టాలి. అవును, ఇప్పుడే."

"మంచి పని," అన్నాడు గ్రాంట్. "అంతా కాదులే. అటూ ఇటూ ఉంచి మధ్యలో కొట్టించు. పాపం, మళ్లీ కట్టుకుంటాయి."

ఓరిన్ వచ్చేలోగా ఆమె కట్టకు దిగువన ఒడ్డు వెంబడి నడిచింది. నీళ్లు తగ్గిపోయి ఒడ్డు అడుగంటా బయటపడింది. మామూలుగా ఎప్పుడూ నీటికింద ఉండే బురదగోడ, వేలాడే వేళ్లు. ఆ వేళ్ల వెనక నల్లగా ఒక కంత.

రొవీనా వంగి చూసింది. మోకాళ్ల మీద కూర్చుంది. ఆ తర్వాత కదల్లేదు.

ఆల్టా అత్త చెప్పేది గుర్తొచ్చింది. ఆల్టా రొవీనాకు మేనత్త, ఎనభయ్యేళ్లు దాటిన మనిషి. ఆమె చిన్నప్పుడు ఆమె తాతమ్మ ఇంకా బతికే ఉంది. ఆ జనవరి పొద్దున బతికి బయటపడ్డ ఏడేళ్ల పిల్ల ఆ తాతమ్మే. వాళ్లమ్మ తనను బీవర్ల బొరియలో దాచిందని, అందుకే బతికానని చెప్పేదట. ఆల్టా అత్త ఆ మాట ఎన్నో సభల్లో చెప్పింది. ఒకసారి ఒక పెద్దమనిషి లేచి, ఎంతో మర్యాదగానే, "అమ్మా, బీవరు బొరియకు దారి నీళ్ల అడుగున ఉంటుంది. పిల్ల లోపలికి పోయే లోపే మునిగిపోతుంది. పసిమనసు ఏదో ఊహించుకుని ఉంటుంది," అన్నాడు. ఆల్టా అత్త కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ కథ ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు కంత కళ్లెదుట ఉంది. నీళ్లు తగ్గితే దారి ఇలా తెరుచుకుంటుందన్న మాట! చలికాలం నడిమధ్య, కొండల మీద అంతా గడ్డకట్టి వాగు సన్నబడినప్పుడు...

"రొవీనా, ఏం చేస్తున్నావ్?"

ఆమె తల లోపలికి పెట్టేసింది. తర్వాత భుజాలు. సొరంగం బురదగా, పైకి ఏటవాలుగా ఉంది. మోచేతుల మీద పాకింది. తడి పోయి పొడినేల తగిలింది. చెయ్యి చాపితే అరుగులాంటి చోటు, దాని మీద చెక్కపొట్టు, దూదిలా మెత్తగా, వెచ్చగా. గాలి కూడా ఆడుతోంది. పైన వేళ్ల సందుల్లోంచి సన్నటి వెలుతురు. ఏడేళ్ల పిల్ల ముడుచుకుని పడుకుంటే ఇంకొక పిల్లకు కూడా చోటుంటుంది.

"నిజమే," అంది చీకట్లో, ఎవరితోనో. "తాతమ్మా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజమే."

వెనక్కి రాబోతే రాలేకపోయింది. లోపలికి ఉత్సాహంతో పోయిన నడుము బయటికి రానంటోంది.

"గ్రాంటూ!"

"ఏంటీ? వినబడట్లా!"

"ఇరుక్కుపోయాను! కాళ్లు పట్టుకుని లాగు!"

"మా ఆవిడ కేకులు తినేముందు ఆలోచించాల్సింది," అంటూనే గ్రాంట్ ఆమె చీలమండలు పట్టుకుని లాగాడు. బూటు ఊడొచ్చింది. మళ్లీ పట్టుకున్నాడు. ఎద్దుల బండిని బురదలోంచి లాగినట్టు హుష్షుహుష్షుమంటూ లాగుతుండగా ఓరిన్ పొక్లెయిన్ రొదతో వచ్చాడు. అక్క కాళ్లు నేలలోంచి మొలిచి ఉన్నాయి, పక్క పొలం గ్రాంట్ వాటిని పీకుతున్నాడు.

"ఏం జరుగుతోందిక్కడ?" అని మిషను మీంచి దూకాడు ఓరిన్.

"నేల మీ అక్కను కంటోంది. పురుడు పోస్తున్నా, చెయ్యి వెయ్యి!"

ఇద్దరూ కలిసి లాగితే రొవీనా బుడుంగున బయటికొచ్చి పడింది. తల నుంచి మొల దాకా బురద. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు ఇద్దరికీ.

"అక్కా, దెబ్బ తగిలిందా?"

"ఉంది, ఓరిన్! చోటుంది! పొడిగా, వెచ్చగా, పిల్ల పట్టేంత చోటుంది! అత్త చెప్పింది నిజం!"

ఓరిన్ ఆ కంత వైపు చూశాడు. వంగి లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. అతనికీ ఆ కథ తెలుసు. చిన్నప్పటి నుంచీ విన్నదే.

లేచి మిషను వైపు చూపించాడు. "మరి ఈ గండి సంగతి?"

"గండీ లేదు, గిండీ లేదు. కట్ట జోలికి వెళ్లావంటే చూడు."

"నువ్వే కదా పిలిచావ్!"

"అప్పుడు పిలిచాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"ఎల్లుండి నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తావు? బకెట్లతోనా? ఊరందరినీ పిలుచుకుని ఎండు గుంట చూపిస్తామా?"

"నా గడ్డి మాటేంటి?" అన్నాడు గ్రాంట్. "చట్టప్రకారం పొలం మునిగితే ఉచ్చులు పెట్టించే హక్కుంది నాకు. పెట్టిస్తానని కాదు. చెబుతున్నా."

"ఎవరూ ఏమీ చెయ్యొద్దు," అంది రొవీనా, ఊడిన బూటు వెతుక్కుంటూ. "అత్తను తీసుకొద్దాం. ఆవిడ ఎలా అంటే అలా."

ఆల్టా అత్తను గ్రాంట్ బండిలో తెచ్చారు, దానికి హీటరు బాగా పనిచేస్తుందని. రెండు దుప్పట్లు కప్పుకుని, చేతికర్ర పట్టుకుని, ఓరిన్ భుజం ఆసరాగా ఆవిడ పల్లంలోకి దిగింది. ముందు కట్టను చూసింది. "శుభ్రంగా కట్టారు," అని మెచ్చుకుంది. తర్వాత కంత దగ్గర స్టూలు వేయించుకుని కూర్చుంది. రొవీనా లోపలికి టార్చి వేసి చూపించింది.

ఆవిడ చాలాసేపు చూసింది. ఆపైన ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది.

"వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వాగులోకి లాక్కెళ్లిందిట. మంచు మీద పరుగు. వెనక చప్పుళ్లు. ఇదిగో, ఇలాంటి కంతలోకి తోసి, 'నేను పిలిచేదాకా రావద్దు, ఊపిరి కూడా మెల్లగా తియ్యి' అందిట. తాతమ్మ లోపలికి పాకితే వీపుకు ఏదో తగిలింది. బొచ్చు. బీవర్లు లోపలే ఉన్నాయి. కరవలేదు, పారిపోలేదు. అవీ భయపడి ఉంటాయిలే. అటొకటి, ఇటొకటి. వాటి వెచ్చదనానికే నా కాళ్లు గడ్డకట్టలేదే అమ్మాయీ అనేది నాతో. నా జడ అల్లుతూ చెప్పేది. అమ్మ ఇంక పిలవలేదు. పిలుస్తుంది పిలుస్తుందని చెవులు రిక్కించుకుని కూర్చుందిట. చివరికి వాళ్ల మావయ్య వచ్చి కాళ్లు పట్టుకుని లాగాడు."

గ్రాంట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని ముత్తాతల కాలం నుంచీ ఆ లోయలోనే ఉన్నారు వాళ్లు. ఆ పొద్దుటి మాట వాళ్లింట్లో ఎవరూ ఎత్తరు.

"ఆల్టా అమ్మగారూ," అన్నాడు, "మీరు రొవీనాతో మా బడికి వచ్చేవారు కదా, ఇది చెప్పలేదే ఎప్పుడూ?"

"చెప్పమని నన్నెవరు పిలిచారు నాయనా మీ బడికి? పిల్లలు పాడే రోజున పళ్లరసం పొయ్యడానికైతే పిలిచేవాళ్లు." ఆవిడ నవ్వింది. తర్వాత కర్ర ఎత్తి కట్ట వైపు చూపించింది. "ఆ ఇంటి మీద చెయ్యి వేసేవాళ్లు ముందు నన్ను దాటుకుని వెళ్లాలి. వింటున్నావా ఓరిన్?"

"నేనేమన్నాను అత్తా? మిషను ఆపేశాగా!"

"మరి నీళ్లు కావాలి. ఇతని గడ్డీ తడవకూడదు. ముగ్గురున్నారు, మూడు బుర్రలున్నాయి. ఆలోచించండి."

మూడు బుర్రలూ ఆలోచించాయి. చివరికి వెలిగింది గ్రాంట్ బుర్రే.

"తూము పెడదాం," అన్నాడు. "పై లోయలో మా పెదనాన్న చేశాడు. కట్ట కొట్టక్కర్లేదు. తొడంత లావు పైపు కట్టలోంచి దూర్చి, ఒక మూతి దిగువకి, రెండో మూతి చెరువు నడిమధ్యకి, అడుగున, తీగ పంజరంలో. బీవరుకు నీళ్లు కారే చప్పుడు పడదు. ఎక్కడ గలగలమంటే అక్కడ బురద కొడుతుంది. నడిమధ్య లోతులో చప్పుడుండదు కాబట్టి దానికి మూతి దొరకదు. నీళ్లు ఒక మట్టం దాటి పెరగవు, నీకు రావాల్సినవి నీకొస్తాయి."

"ఇంతకీ నువ్వెవరి పక్షం?" అంది రొవీనా అనుమానంగా.

"నా గడ్డి పక్షం."

ఇంక ఆ శుక్రవారం చూడాలి! తెల్లారకముందే రొవీనా ప్రెస్టన్ ఊళ్లో కొట్టు తలుపు తట్టి కలిపి ఒకటిగా బిగించడానికి నల్లటి పైపులు రెండు బండి నిండా వేసుకొచ్చింది. ఓరిన్ కంచె తీగతో పంజరం అల్లాడు. మొదటిసారి అల్లినదాన్ని చూసి ఆల్టా అత్త, "బీవర్లు నవ్వుతాయిరా," అంటే మళ్లీ అల్లాడు. ఆవిడ బండిలో హీటరు ముందు కూర్చుని, కిటికీ అద్దం దించి ఆజ్ఞలిస్తోంది. ముగ్గురూ చంకల దాకా వచ్చే రబ్బరు బట్టలు తొడుక్కుని నీళ్లలో దిగారు. నవంబరు నీళ్లు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నా కాళ్లున్నాయా, అక్కా? నాకైతే తెలియట్లేదు," అన్నాడు ఓరిన్.

"ఒకటి నా పాదం మీదుంది. తీయ్."

పైపులో గాలి నిండి మొసలిలా పైకి తేలుతుంటే గ్రాంట్ దాని మీద గుర్రమెక్కినట్టు ఎక్కాడు. అది బుడబుడమంటూ అతనితో సహా మునిగింది. అతను దగ్గుతూ లేచేసరికి, అంతసేపూ ఎక్కడో దాక్కుని చూస్తున్న బీవరు ఓరిన్ వెనకే తోకతో ఫట్టుమనిపించింది. ఓరిన్ కెవ్వున అరిచి వెల్లకిలా పడ్డాడు. బండిలోంచి ఆల్టా అత్త చప్పట్లు కొట్టింది.

పొద్దు వాలేసరికి పంజరం అడుగున కూర్చుంది. పైపు దిగువ మూతిలోంచి ముందు గాలి గురక పెట్టింది, తర్వాత బురద ఉమ్మింది, ఆ తర్వాత మంచి నీళ్లు, తెల్లగా, ధారగా, దబదబా కాలువలోకి పడ్డాయి. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని నీళ్లలోనే గెంతారు. దిగువన రాళ్లు ఒక్కొక్కటే మునిగాయి. కాసేపటికి కంత అంచును నీళ్లు తాకాయి. ఆల్టా అత్త అద్దం పూర్తిగా దించి, కంత కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఒక రోజు కోసం తెరిచారు," అంది. "చాలు."

ఆ రాత్రి బీవర్లు తూమును మూసేస్తాయేమోనని రొవీనాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా! శనివారం తెలవారుతుండగానే పల్లంలోకి పరుగెత్తింది. ఓరిన్, గ్రాంట్ అప్పటికే అక్కడున్నారు. బీవర్లు కట్ట మీద రాత్రికి రాత్రి కొత్త బురద మెత్తాయి. పైపు చుట్టూ పుల్లలు బిగించి దాన్ని కట్టలో కలిపేసుకున్నాయి. కానీ నీళ్లు మాత్రం దబదబా పడుతూనే ఉన్నాయి. గ్రాంట్ పొలంలో నీళ్లు జానెడు తీసి, మునిగిన కంచె గుంజలు తడితడిగా బయటపడ్డాయి. బాతులు అలిగి వెళ్లిపోయాయి.

"నా పార!" అన్నాడు ఓరిన్ ఉన్నట్టుండి. నిన్న ఒడ్డున మరిచిపోయిన పార కట్ట నడుమ అడ్డంగా, అందంగా ఇమిడిపోయి ఉంది. లాగబోతే రాలేదు.

"ఇంటి అద్దె అనుకో," అన్నాడు గ్రాంట్.

జనం మొదలయ్యారు. కార్లు, బస్సులు, చర్చి వాళ్ల వ్యాన్లు. వాగు వెళ్లి కలిసే నది వైపు వేడినీటి ఊటల ఆవిరి తెరలు తెరలుగా లేస్తోంది. గుడారంలో జింకమాంసం పులుసు, నూనెలో వేగుతున్న రొట్టెలు, పెద్ద గంగాళాల్లో వేడి చాక్లెట్. షోషోనీలో ప్రార్థన అయింది. పోయినవాళ్లలో తెలిసిన పేర్లు కుటుంబాల వాళ్లు ఒక్కొక్కరే లేచి పలికారు. మధ్యలో ఎవరి గొంతైనా ఆగితే పక్కవాళ్లు అందుకున్నారు. ప్రభుత్వం పెద్దమనిషి కొత్త తోలుబూట్లతో వచ్చాడు, బురద చూసి ఒక్క క్షణం జంకాడు, తర్వాత తెగించాడు.

చక్రాల కుర్చీలో కూర్చున్న ఆల్టా అత్తకు మైకిచ్చారు. ఆవిడ కథంతా చెప్పలేదు, కొంతే చెప్పింది. "మా తాతమ్మను దాచినవాళ్ల వారసులు పైన కాపురం పెట్టారు," అంది. "మొన్న వాళ్లు నీళ్లాపేస్తే మేం బతిమాలుకున్నాం. సరే పొమ్మన్నారు. నేను చూసి వచ్చాను, అందుకే చెబుతున్నా." ముందు వరసలో ఉన్నవాళ్లు నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు, మళ్లీ నవ్వారు.

ఓరిన్ మిషను ఎక్కాడు. నాలుగు దోసిళ్లు మట్టి తీశాడు. ఐదోదానికి అడ్డు దానంతటదే కుంగి, నీళ్లు కొత్త వాగులోకి తిరిగాయి.

దూకలేదు. ఆకులూ పుల్లలూ నురుగూ ముందేసుకుని, నడక నేర్చే పిల్లలా మెల్లగా, అటో అడుగు ఇటో అడుగు వేసుకుంటూ వచ్చాయి. మొదటి వంపు దగ్గర ఆగిపోయాయి. ఎండు గులకరాళ్ల నేల వచ్చినవి వచ్చినట్టు పీల్చేస్తోంది. జనమంతా మెడలు చాచి చూశారు. రొవీనా పిడికిళ్లు బిగించింది.

"తాగేస్తోంది," అన్నాడు పక్కనున్న గ్రాంట్.

"తాగనీ," అంది ఆల్టా అత్త చక్రాల కుర్చీలోంచి. "ఎన్నాళ్ల దాహమో!"

నేల తాగింది. బుడగలొచ్చాయి. మరికాస్త తాగింది. ఉన్నట్టుండి నీటి మొన వంపు తిరిగి గబగబా ముందుకు జారింది.

"పదండి!" అని అరిచింది రొవీనా. ఆ అరుపుకు కొండమీద పశువులు కూడా తలెత్తి ఉంటాయి.

వందల మంది ఒక్కసారి కదిలారు. నీళ్ల మొనకు రెండు పక్కలా, ఒడ్లు తొక్కకుండా, ముసలీ ముతకా పిల్లాజెల్లా పరుగు. "ఇదిగో తిరిగింది!", "అటు, అటు!", "గుంటలో పడ్డాయి, నిండాలి ఆగండి!", "నిండింది నిండింది!" అని కేకలు. ఎవరో డోలు అందుకున్నారు. నీళ్లు పరుగెత్తితే పరుగెత్తారు, ఆగితే ఆగారు. గ్రాంట్ ఎగుడుదిగుడు నేల మీద ఆల్టా అత్త కుర్చీ తోస్తూ వగరుస్తుంటే ఆవిడ కర్రతో దారి చూపిస్తూ, "ఇంకా జోరుగా! నీ ట్రాక్టరు ఇంతకన్నా నయం!" అని అదిలించింది. ప్రభుత్వం పెద్దమనిషి ఒక బూటు బురదలో పోగొట్టుకుని కూడా ఆగలేదు.

చివరి వంపు దాటి నీళ్లు నదిలోకి జారాయి. పెద్ద చప్పుడేమీ కాలేదు. నది తీసుకుంది, అంతే. ఒడ్డున జనం మాత్రం ఆకాశం పగిలేలా అరిచారు. రొవీనా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. ఊపిరి అందట్లేదు, మొహం నొప్పెట్టేలా నవ్వొస్తోంది. ఓరిన్ ఆయాసపడుతూ వచ్చి అక్కను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించరా వెధవా! మొక్కల వేళ్లు ఎండిపోతున్నాయి!" అని అతని వీపు మీద గుద్ది దిగింది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "ఏమర్రా, చూసింది చాలు! పారలు తీయండి! వేళ్లు లోపలికి, మొదళ్లు బిగించి తొక్కాలి! చలికాలం ముందు ఇవన్నీ నేలలో ఉండాలి!"

జనం పారల కోసం మళ్లీ పరుగు తీశారు. గ్రాంట్ విల్లో మొక్కల మోపు ఒకటి భుజాన వేసుకుని ఆమె పక్కన నడుస్తూ అడిగాడు.

"వీటిని కూడా అవి కొరికేస్తాయి కదా?"

"కొరకవూ మరి!"

"మరి ఎన్ని నాటాలి?"

"వాటికీ మనకీ సరిపోయేటన్ని," అంది రొవీనా, పార నేలలో గుచ్చి దాని మీద బూటుకాలు వేస్తూ.